పట్టమా, పట్టాయా?

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు విద్యావిషయమున నొక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరిరి. పాలకొల్లులో ముప్పది యేండ్లకు పైబడి బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పినవాడను గనుక శబ్దధాతువులను గూర్చి యేదేని వ్రాసి పంపుదునని వారు తలచి యుందురు. అట్టి దానినే వ్రాయ నుద్దేశించితిని గాని, గత వేసవిలో మనవారిలోనే యొక రైతు నన్ను కాలువగట్టున నిలిపి యడిగిన ప్రశ్న నా సంకల్పమును మార్చినది. ఆయన కుమార్తె ఇంటర్మీడియేటు మంచి మార్కులతో ముగించినది. "మేష్టారండీ, ఈ డిగ్రీ అంటే అసలేంటండీ? మూడేళ్లు చదివిత్తే పిల్ల చేతికొచ్చేదేంటండీ?" అని యాయన యడిగెను. ఉద్యోగము వచ్చునా రాదా యని యడిగియుండిన నేనును లోకులవలె నేదో యొక మాట చెప్పి పోయియుందును. ఆయన యడిగినది వస్తుస్వరూపము. పిల్లలను కళాశాలలకు పంపు తండ్రులలో నూటికి తొంబదిమంది యడుగని ప్రశ్న యది. దానికి గట్టు మీద నిలువబడి సమాధానము చెప్పుట సాధ్యము గాదు గనుక ఈ పుటలలో చెప్పుచున్నాను.

ముందు మాట పుట్టుకను చూతము. బి.ఏ. మొదలైన పరీక్షలలో తేఱినవానిని మనము పట్టభద్రు డనుచున్నాము. సంస్కృతమున పట్టమనగా వస్త్రము, తలపాగ, రాజు నుదుట కట్టు బంగారు పట్టిక. పట్టాభిషేకము, పట్టమహిషి యను పదములు దీని సంతతియే. ఆ పట్టశబ్దమునకే శాసనములు చెక్కు పలక యనియు, రాగిరేకనియు మఱియొక యర్థము గలదు. ఈ రెండవ యర్థమునుండి ఉత్తరదేశ భాషలలో "పట్టా" యను మాట కలిగి, రెవిన్యూ లెక్కల వెంట మన గ్రామములకు వచ్చి చేరినది. కావున పట్టమును పట్టాయు నొక్క తల్లి బిడ్డలు. ఒకటి తలకు కట్టుకొనునది, ఒకటి పెట్టెలో దాచుకొనునది. గోదావరి డెల్టాలో పుట్టినవానికి పట్టా యననేమో వివరింప నక్కఱలేదు. "ఫలానావాడు డిగ్రీ పట్టా పుచ్చుకొన్నాడు" అని మనవా రనునప్పుడు తలమీది పట్టమును మఱచి, పెట్టెలోని పట్టానే తలచుచున్నారని నాకు తోచుచుండును. ఈ మఱపు ఊరక కలిగినది కాదు. దీనికి చరిత్ర కలదు.

మన పూర్వులలో విద్య ముగించిన బ్రహ్మచారికి సమావర్తన మను సంస్కారము జరుగుచుండెను. వాడు మేఖలాదులను విడిచి, స్నానము చేసి, క్రొత్త వస్త్రములు ధరించి, తలపాగ చుట్టుకొని, గొడుగును పాదరక్షలను కఱ్ఱను గ్రహించి యింటికి మరలువాడు. స్నానము చేసినవాడు గనుక స్నాతకుడు. నేటి విశ్వవిద్యాలయముల పట్టప్రదానసభకు స్నాతకోత్సవ మని పేరు పెట్టినవారు ఈ సంగతి యెఱిగినవారే. గృహ్యసూత్రకారులు స్నాతకులను మూడు తెగలుగ విభజించిరి: చదువు ముగిసి వ్రతము ముగియనివాడు విద్యాస్నాతకుడు, వ్రతకాలము గడచి చదువు ముగియనివాడు వ్రతస్నాతకుడు, రెండును ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. హాజరు పట్టికలో లోపము లేకుండ మూడేండ్లు గడపి, యేమియు నేర్వక వెలువడు వ్రతస్నాతకులు నేటి కళాశాలలలో నెందఱో కలరు. ఆ తెగ క్రొత్తది గాదని తలిదండ్రులు ఊఱడిల్లవచ్చును.

ఇక పాశ్చాత్యుల మాట. డిగ్రీ యను పదమునకు లాటిను మూలమున మెట్టు, అడుగు అని యర్థము. పండ్రెండు పదుమూడవ శతాబ్దములలో పారిసు, బొలోనా, ఆక్సుఫర్డు పట్టణములందు గురువులును శిష్యులును వర్తకుల శ్రేణులవలె సంఘములుగ నేర్పడిరి. యూనివర్సిటీ యను మాటకు నాడు సంఘమనియే యర్థము. ఆ సంఘమున గురువుగ చేరదగినవాడు మాస్టరు. అంతకు క్రింది మెట్టున, గురువు కనుసన్నల పాఠము చెప్పుచు వాదము చేయుచు నుండువాడు బాచిలరు. అనగా మన బి.ఏ. తొలుత పని నేర్చుకొను దశకే పేరు గాని, పని ముగిసినదనుటకు పేరు గాదు. "ఆర్ట్సు" అనగా బొమ్మలు వేయుట యనుకొనరాదు. వ్యాకరణము, తర్కము, వాగ్మిత యను మూడును, గణితము, క్షేత్రగణితము, జ్యోతిషము, సంగీతము అను నాలుగును గలసి యేడు విద్యలు. మొదటి మూడింటిని చూచిన మన పాఠశాలలలోని వ్యాకరణ తర్కాలంకారములు స్ఫురింపక మానవు. పారిసునందు బాలుడు తర్కమున తొట్రుపడుచుండిన కాలమున గోదావరీతీర అగ్రహారములందును బాలుడు అట్లే తొట్రుపడుచుండెనని నా నమ్మిక.

ఇచ్చట నొక చమత్కారము కలదు. బాచిలరు అను మాటకు ఇంగ్లీషున పెండ్లికాని వాడనియు నర్థము. మన స్నాతకుడో, బ్రహ్మచర్యము చాలించి పెండ్లికి సిద్ధమైనవాడు. ఈ రెండు సంప్రదాయములును మన డెల్టాలో కలిసినప్పుడు పుట్టిన ఫలమును గూర్చి ముందు చెప్పెదను.

ఇంగ్లీషు పట్టము మన దేశమునకు పారిసునుండి గాని ఆక్సుఫర్డునుండి గాని రాలేదు, లండనునుండి వచ్చినది. ఈ భేదము ముఖ్యము. 1836లో ఏర్పడిన లండను విశ్వవిద్యాలయము పాఠము చెప్పునది కాదు. అన్య కళాశాలలలో చదివినవారిని పరీక్షించి పట్టములిచ్చు సంస్థ. 1854 నాటి వుడ్డుదొర విద్యాలేఖ హిందూదేశపు విశ్వవిద్యాలయములకు దానినే మాదిరిగ నిర్దేశించెను. అంతకు పదియేండ్లు ముందుగనే, 1844లో, గవర్నరు జనరలు హార్డింజి ఇంగ్లీషు చదివినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్య మీయవలెనని నిర్ణయము చేసి యుండెను. ముందు కొలువు, పిదప విశ్వవిద్యాలయము! విత్తనమున కంటె ముందు పంట ధర నిర్ణయమైనట్లు. 1857లో కలకత్తా, బొంబాయి, చెన్నపురి విశ్వవిద్యాలయములు వరుసగ నెలకొన్నవి. చెన్నపురి చట్టము ఆ యేటి సెప్టెంబరులో వచ్చినది. గురుశిష్యసంఘమున మెట్టుగ నుండిన డిగ్రీ, గురువు ముఖము చూడని పరీక్షకుడు వ్రాసియిచ్చు యోగ్యతాపత్రముగ మాఱినది ఈ 1857లోనే. పట్టము పట్టా యైన దినము అదియే యందును.

ఆ తొలినాళ్ల పరీక్ష లెట్టివో తెలియుటకు ఒక్క సంగతి చాలును. కలకత్తాలో 1858లో జరిగిన మొదటి బి.ఏ. పరీక్షలో గెలిచినవారు ఇద్దఱు, బంకించంద్ర చట్టోపాధ్యాయుడు, జదునాథ బోసు. వారికిని దయతో కొన్ని మార్కులు కలుపవలసి వచ్చెను. వందేమాతర గీతకర్త కలుపుడు మార్కులతో గట్టెక్కినవాడని తెలిసిన మన పిల్లలు సంతోషింతురు, తెలుపవచ్చును. చెన్నపురి తొలి పట్టభద్రులలో జాఫ్నాకు చెందిన దామోదరం పిళ్ళ యొకడు. ఆయన తరువాతి కాలమున ప్రాచీన తమిళ గ్రంథములను తాళపత్రములనుండి యుద్ధరించి యచ్చువేయించి కీర్తి గాంచెను. ఇంగ్లీషు పట్టము మాతృభాషకు ద్రోహము చేసి తీఱునని వాదించువారికి ఈ పేరు చెప్పుచుందును.

మన సీమ సంగతికి వత్తము. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. కాలువలు పాఱినవి, వరి పండినది, రైతు చేత రూపాయి నిలిచినది. ఆ దశాబ్దముననే సబుకలెక్టరు టెయిలరుదొర నరసాపురమునను, చుట్టుపట్ల పాలకొల్లు, ఆచంట, పెనుగొండలందును బడులు పెట్టించెను. పిదప గ్రామములవారే శిస్తుతో పాటు కొంత సొమ్ము బడికని చెల్లించు నేర్పాటు జరిగినది. అది యా కాలమున రాజధాని యంతటను పేరొందిన ప్రయత్నము. అనగా మన తాలూకాలో చదువునకు తొలి పెట్టుబడి జమీందారుల దానము గాదు, పట్టాదారుల శిస్తు. భూమి పట్టాకును డిగ్రీ పట్టాకును మనవారు ముడివేయుట వట్టి మాటపోలిక గాదని దీనివలన తేలుచున్నది.

బడులు వచ్చినను కళాశాల దూరముననే యుండెను. రాజమహేంద్రవరమున 1853లో జిల్లా పాఠశాలగ వెలసినది క్రమముగ కళాశాల యయ్యెను. మచిలీబందరున నోబులు దొర 1843లో స్థాపించిన పాఠశాలయు అట్లే పెరిగెను. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల కలిగెను. పాలకొల్లు పిల్లవాడు పడవనెక్కి ఈ మూడింటిలో నొకదానికి పోవలెను. భీమవరమున 1945లోను, ఏలూరున నదే యేటను, నరసాపురమున 1949లోను కళాశాలలు వచ్చు దనుక స్థితి యిదియే. పిమ్మట మన యూరనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల నెలకొన్నది. నేటి పిల్లలు సైకిలుమీద పోవు చదువునకు వారి ముత్తాతలు ఇల్లు విడిచి, పూటకూళ్ల యింట తిని, దీపపు బుడ్డి ముందర కూర్చుండవలసి యుండెను.

ఆనాటి పరీక్షాక్రమము కఠినము. ముందు మెట్రిక్యులేషను, తరువాత రెండేండ్లకు ఎఫ్.ఏ., మఱి రెండేండ్లకు బి.ఏ. బి.ఏ.లో ఇంగ్లీషు, రెండవ భాష, శాస్త్రము అని మూడు భాగములు. మూడును గెలిచినగాని పట్టము లేదు. ఒక భాగమున మాత్రము తప్పినవాడు యేటేట చెన్నపట్టణపు గెజెట్టు కొఱకు కాచుకొని యుండును. "బి.ఏ. ఫెయిలు" అనునదియు నా దినములలో నొక యోగ్యతయే. నవ్వవలదు, బి.ఏ. దాక చదివె ననుటకు నది నిదర్శనము. గిడుగు రామమూర్తి పంతులుగారు 1879లో మెట్రిక్యులేషను గెలిచి, పర్లాకిమిడిలో బడి చెప్పుకొనుచు 1886లో ఎఫ్.ఏ.యు, 1896లో బి.ఏ.యు ముగించిరి. మొదటి మెట్టునుండి మూడవ మెట్టునకు పదునేడేండ్లు! సవరల భాషకు వ్యాకరణము వ్రాసిన మహాపండితునకు పట్టము అంత నెమ్మదిగ వచ్చినది. ఆయనకు వాడుకభాష విషయమున నేను శిష్యుడను గాను, నా వ్రాతయే చెప్పుచున్నది. అయినను ఆయన యోర్పునకు నమస్కరింతును. ఆ ఉద్యమమున తోడైన గురజాడ అప్పారావు పంతులుగారు విజయనగరమున 1886లో బి.ఏ. గెలిచిరి.

పట్టమునకు వెల కట్టబడుటయు నీ కాలముననే. బి.ఏ. గెలిచినవాడు బి.ఎల్. చదివి వకీలు కావచ్చును, ఎల్.టి. చదివి హైస్కూలు మేష్టరు కావచ్చును, తాసిల్దారు కచ్చేరిలో ప్రవేశింపవచ్చును. ఇట్టి వరుడు అరుదు. అరుదైన దానికి వెల హెచ్చును. 1897లో కన్యాశుల్క నాటకము తొలిసారి యచ్చుపడునప్పటికి కన్యకు సొమ్మిచ్చుట కొందఱిలో ఆచారము. తరము గడవకముందే వరునకు సొమ్మిచ్చుట యాచారమయ్యెను. ఈ తలక్రిందులకు కారణములు పెక్కు గలవు గాని ఇంగ్లీషు పట్టము ముఖ్యకారణములలో నొకటి యని నా దృఢవిశ్వాసము. బి.ఏ.కు ఇంత, బి.ఎల్.కు ఇంత, నేడు బి.టెక్.కు ఇంత యని మన పెండ్లిమాటలలో ధరవరలు నడచుచునే యున్నవి. 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినను ధరల జాబితా చింపివేయబడలేదు. బాచిలరును స్నాతకుడును మన డెల్టాలో కలిసిన ఫలము ఇది. మన సంఘపు పెద్దలు ఈ వాక్యమును తొలగింపక యచ్చువేయింతురని యాశించుచున్నాను.

అయితే పట్టమును తృణముగ నెంచినవారును మనలోనే పుట్టిరి. 1907లో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి యుపన్యసించిన పిమ్మట విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి తరగతులకు పోగా, ప్రిన్సిపాలు హంటరు వారిని శిక్షించెను. నాడు ఎం.ఏ. ముగించి ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. సర్కారు కొలువు వారికి మూసిపోయినది. మఱుసటి యేట పత్రికారచనకై చెఱసాల దొరకినది. 1910లో మచిలీబందరున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు జాతీయకళాశాలను స్థాపించిరి. హనుమంతరావుగారు ఎం.ఏ., బి.ఎల్. అయియు న్యాయవాదవృత్తిని విడిచి యందు జీవితమర్పించిరి. అందు చదివినవానికి చదువు వచ్చెను, చేతిపని వచ్చెను. సర్కారు మెచ్చు పట్టము మాత్రము రాదు. కాశీలో 1921లో వెలసిన విద్యాపీఠముకూడ నట్టిదే. అది యిచ్చు పట్టమునకు "శాస్త్రి" యని పేరు. 1925లో దానిని పొందిన లాలుబహదూరుగారికి ఆ పట్టమే పేరున నిలిచి, తుదకు ప్రధానమంత్రి పేరై లోకమంతటను మ్రోగెను. మన జిల్లాలో శాస్త్రి యనగా పుట్టుకతో వచ్చునదనుకొనువారు ఈ సంగతిని గమనింతురు గాక.

సర్కారు మెచ్చు పట్టమేది యను ప్రశ్నకు నేడు చట్టము స్పష్టముగ సమాధానము చెప్పుచున్నది. 1956 నాటి యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను చట్టము ననుసరించి, పార్లమెంటు గాని రాష్ట్ర శాసనసభ గాని చేసిన చట్టముచే నేర్పడిన విశ్వవిద్యాలయములు, అట్టి హోదా నొసగబడిన సంస్థలు, పార్లమెంటు ప్రత్యేకముగ నధికారమిచ్చిన సంస్థలు, ఇవి మాత్రమే డిగ్రీ నీయగలవు. కళాశాల పాఠము చెప్పును, జీతము వసూలు చేయును. డిగ్రీ నిచ్చునది విశ్వవిద్యాలయము. గోడలమీద రంగురంగుల ప్రకటనలు చూచి సొమ్ము కట్టు తలిదండ్రులు ముందుగ నడుగవలసినది యిదియే: ఏ విశ్వవిద్యాలయమునకు చేరినది? మన పాలకొల్లువారు తొలుత చెన్నపురికి వ్రాసిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడి, కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులుగ బెజవాడలో నారంభమై, 1930లో వాల్తేరు చేరిన పిమ్మట దానికి వ్రాసిరి. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ పేర విశ్వవిద్యాలయము వచ్చినపిదప దాని పరిధిలోనికి వచ్చిరి.

ఆంధ్ర విశ్వవిద్యాలయము నావంటివారికి మఱియొక మేలు చేసినది. చెన్నపురివారి "విద్వాన్" వలె, "భాషాప్రవీణ", "ఉభయభాషాప్రవీణ" యను బిరుదులను నెలకొల్పి పండితులకును పరీక్షాపత్రమును ప్రసాదించెను. అయితే వీనిని డిగ్రీలనక "ఓరియంటలు టైటిళ్లు" అనిరి. ఈ మాటభేదము వలన కలిగిన చిక్కు నా కనుభవము. ఉద్యోగపు తొలినాళ్లలో ఒక కార్యాలయపు గుమాస్తా నా ప్రవీణపత్రమును త్రిప్పి త్రిప్పి చూచి, "ఇది డిగ్రీయా, డిప్లమాయా?" యని పై యధికారికి వ్రాసి, ప్రత్యుత్తరము వచ్చు దనుక నెలల తరబడి నా కాగితములను కదలనీయలేదు. సిద్ధాంతకౌముది చదివితినా లేదా యని యెవ్వరును అడుగలేదు. పట్టానంబరు సరిపడినచో భూమిలో వరి యున్నను తుమ్మ యున్నను లెక్క యొకటే కదా!

పట్టము లేని పెద్దలను గూర్చి ఒక్క మాట. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బి.ఏ. కారు, రాజమహేంద్రవర కళాశాలలో బి.ఏ.లకు తెలుగు చెప్పిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారికి 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుద మొసగెను. పట్టము లేనివానికి తానే పట్టము కట్టునప్పుడు విశ్వవిద్యాలయము తన పాత యర్థమును జ్ఞప్తికి తెచ్చుకొనుచున్నది. కాని యీ యుదాహరణములను చూపి, చదువక తిరుగు కుమారుని సమర్థింపరాదు. వీరేశలింగము పంతులుగారు పట్టము లేకయే చదివినంత, మన పిల్లలు పట్టము కొఱకైనను చదువుట లేదు.

డిగ్రీ కాలపరిమితియు స్థిరమైనది కాదు. ఇంటర్మీడియేటు వచ్చిన పిమ్మట బి.ఏ. రెండేండ్లు, ఆనర్సు మూడేండ్లు. వాల్తేరులో ఆనర్సు తరగతులు ప్రసిద్ధములు. రాధాకృష్ణన్ పండితుని యధ్యక్షతను 1948-49లో పనిచేసిన కమిషను మూడేండ్ల డిగ్రీని సూచింపగా, క్రమముగ నదియే సామాన్యమయ్యెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి మన రాష్ట్రమున 2023-24 నుండి నాలుగేండ్ల ఆనర్సు పద్ధతి వచ్చినది. మూడేండ్లకు నిలిపి డిగ్రీతో వెలువడవచ్చును, నాలుగవ యేడు చదివిన ఆనర్సు. వార్తాపత్రికలు క్రొత్తవింత యని వ్రాసినవి గాని, ఆనర్సు మన తాతలెఱిగినదే. నిజముగ క్రొత్తదైనది 1982లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము. దేశమున నట్టివానిలో నదియే మొదటిది. ఇంటర్మీడియేటు లేనివారును అర్హతాపరీక్ష వ్రాసి యందు చేరుటకు వీలు కల్పించెను. బడి మానిపించి పెండ్లి చేయబడిన మన యాడపడుచులలో బిడ్డలు పెరిగిన పిదప దానివలన పట్టభద్రలైనవారు కలరు. లండను మాదిరి దూరపరీక్ష వలన కలిగిన కీడును ఇంత చెప్పితిని గనుక, దూరవిద్య చేసిన మేలునుకూడ చెప్పుట ధర్మము.

కాలువగట్టున నన్నడిగిన రైతునకు నేనిపు డీయగల యుత్తరమిది. అయ్యా, డిగ్రీ యనగా నీ కుమార్తె యొక శాస్త్రమున పండితురాలైనదని గాదు. ఒక శాస్త్రము నెట్లు చదువవలెనో యెఱిగినదని, మీది మెట్టెక్కుటకు తగునని, చట్టముచే నేర్పడిన యొక సంఘము తన వరుసలో నామె పేరు వ్రాసికొన్నదని యర్థము. ఎం.ఏ.కును బి.ఇడి.కిని న్యాయశాస్త్రమునకును అదియే వాకిలి. సివిలు సర్వీసు పరీక్షకు కూర్చుండుటకు ఏ డిగ్రీ యైనను చాలును. రాష్ట్రపు గ్రూపు ఉద్యోగములలో పెద్దవానికిని డిగ్రీ కావలెను. ఉద్యోగము నిచ్చెదనని మాత్రము ఆ కాగితమున నెచ్చటను వ్రాసి యుండదు. 1844లో హార్డింజి యిచ్చిన మాట నేడు చెల్లదు. మూడేండ్లును గ్రంథాలయపు గడప త్రొక్కనిచో వ్రతస్నాతకురాలగును. త్రొక్కినచో, నీవు చెల్లించు జీతము నీ ముత్తాత టెయిలరుదొర బడికి చెల్లించిన శిస్తువంటిదే. ఆమెకు పట్టము వచ్చినయెడల పెండ్లిమాటలలో దాని నొక తూకపురాయిగ మాత్రము వాడకుము.

ఇంకొక హక్కును గూర్చి చాలమంది యెఱుగరు. రాజ్యాంగపు 171వ యధికరణము ననుసరించి విధానపరిషత్తులో పండ్రెండవ వంతు సభ్యులను పట్టభద్రులే యెన్నుకొందురు. మన రాష్ట్రమున 1958లో నేర్పడిన పరిషత్తు 1985లో రద్దై, 2007లో మరల వచ్చినది. ఉభయగోదావరులకు కలిపి పట్టభద్రుల నియోజకవర్గమొకటి కలదు. పట్టము పొంది మూడేండ్లు గడచినవారు దీనికి అర్హులు. సామాన్యమైన వోటర్ల పట్టికలో పేరున్నంత మాత్రమున చాలదు. ఈ పట్టికను ప్రతి యెన్నికకును క్రొత్తగ తయారు చేయుదురు గనుక, కడచిన సారి వోటు వేసినవారును 18వ నంబరు నమూనా మీద డిగ్రీ పత్రపు ప్రతిని జతపఱచి తిరిగి దరఖాస్తు పెట్టుకొనవలెను.